మా గవ్వకు ఫిట్స్: పదకొండు నెలల క్యాలెండర్

2025 జనవరి 19, ఆదివారం. తెల్లవారుజామున రెండూ నలభై. టైం అంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం, చీకట్లో ఫోన్ లైటు వేయబోతే నా కంట మొదట పడింది అదే. హాల్లో టైల్స్ మీద గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు. మా కుక్క ఎలుకను పట్టిందేమో అనుకుని విసుక్కుంటూ లేచాను.

గవ్వ పక్కకు పడిపోయి ఉంది. నాలుగు కాళ్ళూ ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ, కిందంతా ఉచ్చ. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు.

గవ్వ మా కుక్క. జాతి కుక్క కాదు, వీధిలో పుట్టిందే. మా తిరుపతిలో కపిలతీర్థం రోడ్డు మీద వానకు తడుస్తుంటే మావాడు చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. వీపు మీద గవ్వ ఆకారంలో తెల్లమచ్చ. పళ్ళు చూసి నాలుగేళ్ళుంటాయని డాక్టరు చెప్పారు.

ఆ రాత్రి ఇంట్లో తలా ఒక తప్పు చేశాం. అమ్మ బీరువా తాళాల గుత్తి తెచ్చి దాని కాలి వేళ్ళ మధ్య గుచ్చి పట్టుకుంది. మా ఆయన నాలుక మింగేస్తుందని భయపడి నోట్లో వేలు పెట్టాడు. కుక్కలు నాలుక మింగవు, వేలు మాత్రం కొరుకుతాయి. చూపుడు వేలు ఎముక దాకా దిగింది. నేను నోట్లో నీళ్ళు పోయబోయాను, అదృష్టం కొద్దీ చెంబు చేయి జారింది. మావాడు ఒక్కడే పనికొచ్చే పని చేశాడు, ఫోన్లో వీడియో తీశాడు. "కుక్క చస్తా ఉంటే సినిమా తీస్తావా" అని వాణ్ణి కొట్టబోయాను కూడా. అరగంట జరిగిందని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. వీడియోలో చూస్తే ఒక నిమిషం యాభై సెకన్లు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. లేచి నిలబడింది. గోడకు తల కొట్టుకుంది, వెనక్కి తిరిగి ఇంకో గోడకు కొట్టుకుంది. నాలుగున్నర దాకా ఇల్లంతా అలాగే తిరిగింది. రోజూ తన చేత్తో అన్నం పెట్టే అమ్మ దగ్గరికి పోతే గుర్రుమంది. ఫిట్స్ చూసి ఏడవని అమ్మ దానికి ఏడ్చింది.

తెల్లారాక మా ఆయన రుయా ఆసుపత్రికి వెళ్ళాడు. గవ్వకు రేబిస్ టీకా వేయించాం, కార్డు కూడా చూపించాడు. అయినా సూదులు వేయించుకోమన్నారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, భుజాల మీద చర్మంలోకి. డబ్బు తీసుకోలేదు. కానీ మా ఆయన కుక్క సూదులు వేయించుకుంటున్నాడని తెలిసిన క్షణం నుంచి వీధిలో మా కుక్కకు పిచ్చి పట్టిందని ఖాయం చేసేశారు. పక్కింటి అక్క పిల్లల్ని బయటికి పంపలేదు. ఒకాయన మునిసిపాలిటీకి ఫోన్ చేస్తానన్నాడు. నేను టీకా కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "పిచ్చి లక్షణాలు కనిపించిన కుక్క పది రోజులకు మించి బతకదంట, పదకొండో రోజు వచ్చి చూడండి" అని చెప్పాను. పదకొండో రోజు ఎవరూ రాలేదు, గవ్వ మాత్రం గేటు దగ్గరే కూర్చుని ఉంది.

ఫిట్స్ వచ్చిన మర్నాడే, సోమవారం పొద్దున వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చీటీ రాయించి కూర్చుంటే రెండు గంటలు పట్టింది. మా ముందు ఒక దూడ, రెండు మేకలు, తోక విరిగిన పిల్లి. లోపల డాక్టరు గారి చుట్టూ తెల్లకోట్ల పిల్లలు పదిమంది. నేను "కొట్టుకుంది సార్, నురగ వచ్చింది" అంటూ చేతులు తిప్పి చెప్పబోతుంటే మావాడు ఫోన్ చాపాడు. ఆయన వీడియో మూడుసార్లు చూసి, పిల్లలందరికీ చూపించి, "ఇది మూర్ఛే, గుండె ఆగి పడిపోవడం కాదు" అన్నారు. ఇంకా ఏదీ పరీక్ష చేయకముందే సగం సంగతి తేలింది. వాణ్ణి కొట్టబోయినందుకు ఆ రోజు పానీపూరీ తినిపించాను.

ప్రశ్నలు చాలా అడిగారు. తలకు దెబ్బ తగిలిందా, ఎలుకల మందు, బొద్దింకల మందు తిన్నదా, డిస్టెంపర్ టీకా వేయించారా, పిడుదులు ఉన్నాయా. రక్తం తీసి షుగరు, కాల్షియం, కాలేయం, కిడ్నీలు, పిడుదు జ్వరం అన్నీ చూశారు. ఏదీ తేడా లేదు. మధ్య వయసు కుక్క, ఫిట్స్ లేనప్పుడు మామూలుగానే ఉంది, రక్తం బాగుంది అంటే చాలావరకు వేరే కారణమేదీ కనిపించని మూర్ఛే అవుతుందన్నారు. ఒక్కసారి వస్తే మాత్రలు మొదలుపెట్టరట. ఆరు నెలల్లో రెండోసారి వస్తేనే. వచ్చినప్పుడు నోట్లో ఏదీ పెట్టవద్దు, మెట్ల దగ్గర నుంచి పక్కకు లాగండి, లైట్లు తీసి ఫ్యాను వేయండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండుసార్లు వచ్చినా ఆలోచించకుండా రండి. ఒక పుస్తకం పెట్టి రాసుకోండి.

పుస్తకం ఎక్కడో పోతుందని నేను టీటీడీ క్యాలెండర్ మీదే రాయడం మొదలుపెట్టాను. జనవరి 19 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. "స్వామి బొమ్మ కింద ఉచ్చ, నురగ అని రాస్తావా మే" అని అమ్మ కోప్పడింది. రెండు నెలలకు రాసేది తనే అయింది.

ఫిబ్రవరి 16, మళ్ళీ ఆదివారం. మా ఆయన చివరి సూది వేయించుకుని వచ్చిన రోజే సాయంత్రం రెండో ఫిట్. ఈసారి ఎవరమూ ముట్టుకోలేదు. రెండు నిమిషాల పది సెకన్లు. ముట్టుకోకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది, అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పదిహేడున మాత్రలు రాశారు, ఫినోబార్బిటాల్. మనుషుల మందుల షాపులో గార్డినాల్ అని దొరికేదే. పద్నాలుగు కిలోల కుక్కకు పొద్దున 30 మిల్లీగ్రాములు, సాయంత్రం 30. (ఇది మా కుక్క లెక్క. మీ కుక్క లెక్క మీ డాక్టరే చెప్పాలి.) నెల ఖర్చు నూటయాభై కూడా కాదు. ఇంతేనా అనుకున్నాం.

మొదటి రెండు వారాలు మాకు వేరే కుక్కను ఇచ్చినట్టు ఉంది. తాగినవాడి నడక, వెనక కాళ్ళు ఒకదానికొకటి తట్టుకోవడం. బకెట్లకు బకెట్లు నీళ్ళు, గంటకోసారి ఉచ్చ. ఆకలైతే చెప్పలేను. దేవుడి దగ్గర పెట్టిన అరటిపండ్లు తొక్కతో సహా తినేసింది. మందు పడలేదేమో ఆపేద్దామా అని నేను ఫోన్ చేస్తే "రెండు వారాలు ఓపిక పట్టండమ్మా, మత్తు దానంతటదే తగ్గుతుంది. మీరుగా మాత్రం ఆపొద్దు" అన్నారు. మత్తు నిజంగానే పదహారో రోజుకు పోయింది. ఆకలి ఇప్పటికీ పోలేదు.

మాత్ర మింగించడం ఇంకో కథ. పెరుగన్నం ముద్దలో పెడితే అన్నం తిని మాత్ర పక్కన ఉమ్మేది. ఇడ్లీలో పెడితే అంతే. గ్యాస్ సిలిండర్ వెనక ఊడుస్తుంటే రెండు మాత్రలు దొరికాయి. ఎన్ని రోజులవో తెలియదు. చివరికి చెనిక్కాయలు వేయించి, నూరి, ఉండ చేసి పెడితే నమలకుండా మింగింది. ఇప్పటికీ అదే.

మార్చి 6న రక్తంలో మందు ఎంత ఉందో చూడాలన్నారు. ఈ పరీక్ష మనుషుల ల్యాబులో చేయించాం, సాంపిల్ చెన్నై వెళ్ళింది. 950 రూపాయలు, మూడు రోజులు. ఒక చిన్న సంగతి నాకు ముందు తెలియదు. జెల్ ఉన్న గొట్టంలో రక్తం పోస్తే ఆ జెల్ మందును పీల్చేసుకుని లెక్క తక్కువ చూపిస్తుందట. మామూలు గొట్టంలోనే ఇవ్వమని డాక్టరు చీటీ మీద రాసి పంపారు. ల్యాబు అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని "పేషెంట్ పేరు?" అన్నాడు. గవ్వ. "ఇంటిపేరు?" కాసేపు ఆలోచించి మా ఇంటిపేరే చెప్పాను. రిపోర్టులో "కుమారి" అని కూడా వచ్చింది. లెక్క 16. ఉండాల్సింది సుమారుగా 15 నుంచి 35 మధ్య కాబట్టి సరిపోతుంది గానీ అంచున ఉంది అన్నారు.

అంచునే ఉందని మార్చి 30న తెలిసింది. ఉగాది. అమ్మ పచ్చడిలోకి వేపపువ్వు దులుపుతోంది, గవ్వ ఆమె కాళ్ళ దగ్గరే పడిపోయింది. మోతాదు పూటకు 45కు పెంచారు. ఏప్రిల్ అంతా క్యాలెండర్ మీద ఒక్క ఎర్ర సున్నా లేదు. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

మే నెల, గంగజాతర వారం. తొమ్మిదో తేదీ శుక్రవారం రాత్రి స్ట్రిప్ చూస్తే మాత్రలు అయిపోయాయి. శనివారం మూడు షాపులు తిరిగాను. రెండింట్లో స్టాక్ లేదు. మూడోచోట ఉంది గానీ ఫిబ్రవరి నాటి చీటీకి ఇవ్వనన్నాడు. అప్పుడు తిట్టుకున్నాను. ఇది నిద్ర మత్తు మందు, కొత్త చీటీ లేకుండా ఇవ్వకూడదు, అతని తప్పేమీ లేదు. సోమవారం ఆసుపత్రికి వెళ్ళి చీటీ రాయించుకుందాం, రెండు రోజులేగా అనుకున్నాను. ఆ మాట అన్నది నేనే. మా ఆయన కాదు, అమ్మ కాదు. శనివారం రెండు పూటలు, ఆదివారం పొద్దున, మొత్తం మూడు పూటలు తప్పాయి.

ఆదివారం సాయంత్రం 5:20కి మొదటిది. 7:05కి రెండోది, మధ్యలో సరిగా తేరుకోలేదు. 8:40కి మొదలైన మూడోది ఆగలేదు. నాలుగు నిమిషాలు. ఐదు. మా ఆయన రేణిగుంటలో డ్యూటీలో ఉన్నాడు. ఇద్దరు ఆటోవాళ్ళు నురగ చూసి పిచ్చికుక్క అని బండి కదిలించేశారు. రోడ్డంతా జాతర జనం, డప్పులు. అప్పుడు వెనక వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు వచ్చాడు. జాతరకు వేషం కట్టి ఉన్నాడు. పట్టుచీర, ముఖాన పసుపు, చేతిలో వేపమండ, సవరం జడ. "అక్కా, ఎక్కు బండి" అన్నాడు. గవ్వను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దుప్పట్లో అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

వేషం కట్టినవాళ్ళకు మా ఊళ్ళో జనం దారి ఇస్తారు. ఇవ్వనివాళ్ళను ఆ అబ్బాయి నోటికొచ్చిన బూతులు తిట్టాడు. జాతరలో తిట్టడమూ మొక్కే కాబట్టి తిట్టించుకున్నవాళ్ళు నవ్వి పక్కకు జరిగారు. ఎయిర్‌బైపాస్ రోడ్డు వైపు ఉన్న ఒక డాక్టరు భోజనం మధ్యలో లేచి వచ్చి క్లినిక్ తలుపు తీశారు. నరానికి సూది పడేసరికి తొమ్మిది నిమిషాలు దాటింది. జ్వరం 106. ఐస్ వద్దన్నారు, తడిబట్టలు కప్పి ఫ్యాను పెట్టారు. ఆ అబ్బాయి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేల మీద కూర్చుని, తెల్లవారుజాము మూడు దాకా బట్టలు తడిపి ఇస్తూనే ఉన్నాడు.

"మందు ఒక్కసారిగా ఆగితే, అసలు జబ్బుకన్నా అదే పెద్ద ఫిట్స్ తెస్తుంది" అని డాక్టరు నెమ్మదిగా చెప్పారు. కోప్పడి ఉంటే బాగుండేది.

సోమవారం కాలేజీ ఆసుపత్రికి మార్చాం. మూడు రోజులు సెలైన్, సూదులు. మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుని మళ్ళీ పొద్దున తీసుకెళ్ళేవాళ్ళం. ఆ వారం ఖర్చు, ఆటోలతో కలిపి 11,400.

ఇంటికి వచ్చింది గానీ చూపు లేదు. కళ్ళ ముందు చేయి ఆడిస్తే రెప్ప కొట్టలేదు. ఎప్పుడూ ఎడమ వైపుకే గుండ్రంగా తిరగడం. వెనక కాళ్ళు నిలవవు. పేరు పిలిస్తే చెవి మాత్రం కదిలేది. చెన్నై తీసుకెళ్ళి స్కాన్ చేయిద్దామా అని అడిగాం. దానికీ మత్తు ఇవ్వాలి, రెండు వారాలు చూద్దాం, చూపు తిరిగి రాకపోతే అప్పుడు వెళ్ళండి అన్నారు. సరైన నిర్ణయమో కాదో రాత్రుళ్ళు చాలా కొట్టుకులాడాను. డబ్బు మిగులుతుందనే ఆశతోనే సరే అన్నానేమో అని కూడా అనిపించేది.

ఆ రెండు వారాలు మేము చేసినవి పెద్ద వైద్యాలేమీ కావు. టైల్స్ మీద కాలు జారుతోందని హాలంతా గోనెపట్టాలు పరిచాం. కుర్చీలు, నీళ్ళ గిన్నె ఎక్కడివి అక్కడే ఉంచాం, ఒక్క అంగుళం జరపలేదు. పాత తువ్వాలు పొట్ట కింద నుంచి వేసి రెండు కొసలూ పైకి పట్టుకుని నడిపించేవాళ్ళం, పూటకు పది నిమిషాలు. నా నడుం పోయింది. గుమ్మం మూడు మెట్లకు ఇటుకలు, చెక్క పలక వేసి మా ఆయన ఏటవాలు దారి చేశాడు. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా పెట్టె తీసి, తన పెళ్ళినాటి వెండి గొలుసులు కాళ్ళకు పెట్టుకుంది. నాయన పోయాక తీసి దాచినవి. "అది చూడలేదు కదా, నేను వస్తా ఉండానని తెలియొద్దా" అంది. ఇరుగుపొరుగు ఏమంటారని నేను అడగబోయి ఊరుకున్నాను.

మే 15 మధ్యాహ్నం, కిటికీలో వాలిన కాకి వైపు తల తిప్పింది. చప్పుడుకు తిప్పిందేమో అనుకున్నాం. పదహారున అమ్మ చేతిలోని చెనిక్కాయల ఉండ ఎటు పోతే తల అటు పోయింది. కాళ్ళు రావడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. గుండ్రంగా తిరగడం జూన్ మొదటి వారానికి పోయింది. గేటు దగ్గరి తన చోటికి తనే నడిచి వెళ్ళింది జూన్ 9న. క్యాలెండర్ మీద ఆ తేదీకి అమ్మ పసుపు రాసింది.

రెండో మందు అప్పటి నుంచే, లెవిటిరాసిటామ్ 250. రోజుకు మూడుసార్లు, ఎనిమిది గంటలకోసారి. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. పాతది ఆరూ ఆరూ. అంటే రోజుకు నాలుగు అలారాలు. కొత్త మందుకు నెలకు ఆరు వందలు. రెండు గంటల పూట అమ్మది, అందుకని అమ్మ ఏ పెళ్ళికి వెళ్ళినా మొదటి పంక్తిలోనే కూర్చుని తిని వచ్చేస్తుంది. మేమంతా కలిసి ఊరికి వెళ్ళి ఏడు నెలలైంది.

అత్యవసరానికి, ఫిట్స్ ఆపే మందు డయాజిపామ్ కూడా ఇంట్లో పెట్టుకోమన్నారు. ఐదు నిమిషాలు దాటకముందే సూది తీసేసిన సిరంజితో వెనక నుంచి, అంటే మలద్వారంలోకి ఎక్కించాలి. నేను తెలివిగా ముందే సిరంజిలో నింపి ఫ్రిజ్‌లో పెడతానంటే వద్దన్నారు, ప్లాస్టిక్ మందును పీల్చేస్తుందట. గాజు ఆంపూల్‌గానే వెలుతురు పడని చోట ఉంచాలి. అది విరవడం రాక నా వేలు తెగింది. కాలేజీలో ఒక హౌస్ సర్జన్ పిల్ల ఖాళీ ఆంపూళ్ళు నాలుగు ఇచ్చి విరవడం నేర్పించింది. ఇప్పుడు మావాడితో సహా అందరికీ వచ్చు.

ఆగస్టు 23న ఒకటి వచ్చింది. పెదవి, ఒక కన్ను అదిరాయి, నలభై సెకన్లు. పడిపోలేదు. దీపావళికి భయపడ్డాం, టపాకాయల వేళకు కిటికీలు మూసి టీవీ పెద్దగా పెట్టి కూర్చున్నాం. ఏమీ రాలేదు. పూర్తిగా పోతాయని డాక్టరు ఎప్పుడూ అనలేదు. మూడు నెలలకు ఒకటి, అదీ చిన్నది అంటే మందు పనిచేస్తున్నట్టే అన్నారు. మొదట్లో ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పుడు దానికే ఒప్పుకున్నాను. గవ్వ మునుపటి గవ్వ కాదు. బరువు పదహారున్నర. మెట్లు దిగేటప్పుడు ఆగి ఆలోచిస్తుంది. బంతి విసిరితే సగం దూరం పోయి ఎందుకు వచ్చానా అన్నట్టు నిలబడుతుంది.

స్ట్రిప్పులు ఇప్పుడు పోపుల డబ్బా పక్కనే ఉంటాయి. పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే కొత్తవి తేవాలి, చీటీని నెలనెలా రాయించుకోవాలి. వేషం కట్టిన అబ్బాయికి ఒక షాపతను తెలుసు, వాళ్ళే తెప్పించి ఉంచుతున్నారు.

మొన్న 2026 క్యాలెండర్ తెచ్చాను. పాతది తీసి చూస్తే సున్నాలు, టిక్కులు, పసుపు మరకలు, ఒక మూల పాదం ముద్ర. కొత్తదానికి మేకు కొట్టక ముందే అమ్మ తీసుకుని జనవరి తిప్పి, 8వ తేదీ గడిలో "గవ్వ రక్తం, కాలేయం" అని రాసింది. స్వామి బొమ్మ ఉందని పెన్సిలుతో.